పొరుగువారితో పోటీ

కాగితం మీద ఒక గీత మారితే మైదానంలో ప్రత్యర్థి మారుతాడు. వినడానికి వింతగా ఉన్నా, పశ్చిమ ప్రకాశం వారికి ఇది అనుభవంలో ఉన్న విషయమే. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు, గుంటూరు, నెల్లూరు జిల్లాల నుండి కొన్ని తాలూకాలతో పాటు కర్నూలు జిల్లా నుండి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు వచ్చి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నల్లమల కదలలేదు, గుండ్లకమ్మ దారి మార్చుకోలేదు, కంభం చెరువు ఉన్నచోటనే ఉంది. కాని జిల్లా జట్టులో చోటు కోసం అంతవరకు నంద్యాల, ఆదోని కుర్రవాళ్లతో తలపడవలసిన గిద్దలూరు యువకుడు ఆ తరువాత ఒంగోలు, చీరాల కుర్రవాళ్లతో తలపడవలసి వచ్చింది. 2025 చివరలో మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పాటు చేయాలని ప్రభుత్వం నిర్ణయించడంతో ఆ గీత మరొకసారి మారింది.

పరిపాలన కోసం గీసిన గీత ఆటగాని అదృష్టాన్ని నిర్ణయించవచ్చునా అన్న ప్రశ్న మనకు కలగడం సహజం. ఈ ప్రశ్నకు ప్రపంచంలో అత్యధికులు ఆడే ఫుట్‌బాల్ క్రీడ ఇచ్చుకొన్న సమాధానం పరిశీలించదగినది. 1904లో పారిస్ నగరంలో పుట్టిన ఫిఫా అనే ప్రపంచ సంస్థలో నేడు 211 జాతీయ సంఘాలు సభ్యులుగా ఉన్నాయి. ఇంతమందిని ఒకే పందిరి కింద కూర్చోబెట్టి పోటీలు నడపడం సాధ్యమయ్యే పని కాదు. అందుచేత ప్రపంచాన్ని ఆరు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒక ఖండ సమాఖ్యను ఏర్పరచుకొన్నారు. వీటిలో జ్యేష్ఠ సమాఖ్య దక్షిణ అమెరికాది, 1916లో పుట్టింది. ఆసియా సమాఖ్య 1954 మే నెలలో మనీలాలోను, యూరప్ సమాఖ్య అదే ఏడాది జూన్‌లో బాసెల్‌లోను అవతరించాయి. ఆఫ్రికా సమాఖ్య 1957లో ఖార్తూమ్‌లో ఏర్పడింది. ఆ ఏడాదే జరిగిన తొలి ఆఫ్రికా పోటీలలో దక్షిణాఫ్రికాకు చోటు దక్కలేదు. నల్లవారు, తెల్లవారు కలిసి ఆడే జట్టును పంపడానికి ఆ దేశం అంగీకరించకపోవడమే అందుకు కారణం. ఒక ఆటల సంస్థ వర్ణవివక్షను గడప బయట నిలబెట్టిందన్న సంగతి చరిత్ర పుస్తకాలలో అంతగా కనిపించదు. ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల సమాఖ్య 1961లోను, పసిఫిక్ దీవుల ఓషియానియా సమాఖ్య 1966లోను వచ్చాయి.

ఈ విభజన భూగోళ శాస్త్రాన్ని అనుసరించినట్లు కనిపిస్తుంది గాని, పూర్తిగా అనుసరించదు. గయానా, సూరినామ్ దేశాలు దక్షిణ అమెరికా నేల మీద ఉండి కరీబియన్ దేశాలతో ఆడతాయి. కజకిస్తాన్ 2002లో ఆసియాను వదిలి యూరప్‌లో చేరింది. ఇజ్రాయెల్ కథ మరీ చిత్రమైనది. సరిహద్దున ఉన్న రాజు సహజ శత్రువనీ, అతనికి ఆవలివాడు సహజ మిత్రుడనీ కౌటిల్యుని మండల సిద్ధాంతం చెబుతుంది గదా! 1958 ప్రపంచ కప్పు అర్హత పోటీలలో ప్రత్యర్థి దేశాలన్నీ ఇజ్రాయెల్‌తో ఆడడానికి నిరాకరించాయి. ఒక్క ఆట కూడా ఆడకుండా ప్రపంచ కప్పుకు పంపరాదని భావించిన ఫిఫా, చీటీ తీసి వేల్స్ దేశాన్ని దానికి ఎదురు నిలిపింది. వేల్స్ గెలిచి స్వీడన్‌కు ప్రయాణమైంది. 1964లో ఆసియా కప్పు గెలుచుకొన్న ఇజ్రాయెల్, 1974లో ఆసియా సమాఖ్య నుండి తొలగింపునకు గురై, చివరకు 1994లో యూరప్ సమాఖ్యలో పూర్తి సభ్యత్వం పొందింది. పొరుగువాడు ఎవరో నిర్ణయించేది నేల మాత్రమే కాదు, నెయ్యము కూడా.

ఖండ సమాఖ్య చేసే పని ఏమిటి? రెండేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి తన పరిధిలోని దేశాల మధ్య కప్పు పోటీలు నడుపుతుంది. ప్రపంచ కప్పునకు తన వంతు జట్లను అర్హత పోటీల ద్వారా ఎంపిక చేస్తుంది. ఏటేటా క్లబ్బుల మధ్య పోటీలు పెడుతుంది. శిక్షకులకు, నిర్ణేతలకు శిక్షణ ఇచ్చి యోగ్యతా పత్రాలిస్తుంది. అర్హత పోటీలలో సాధారణంగా ప్రతి జట్టు ప్రతి ప్రత్యర్థితో రెండుసార్లు ఆడుతుంది. ఒకటి సొంత గడ్డ మీద, ఒకటి పరాయి గడ్డ మీద. వాతావరణం, ప్రేక్షకులు, ప్రయాణపు బడలిక అనే మూడూ ఇద్దరికీ సమానంగా పంచడానికి ఇంతకంటె సులువైన ఉపాయం మరొకటి లేదు.

దూరాభారం తగ్గించడమే సమాఖ్యల ప్రయోజనం అనుకోవడం పొరపాటు. అసలు ప్రయోజనం సరిజోడు కూర్చడం. మన ప్రాంతంలో తిరునాళ్లకు, సంక్రాంతికి జరిగే బండలాగుడు పందేలు మీకు తెలియనివి కావు. అక్కడ పాలపళ్ల జతను తెచ్చి ఆరు పళ్ల జతకు పోటీగా కట్టరు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేసి, ఒక్కొక్క విభాగానికి తగిన బరువు బండను, తగిన బహుమతిని ఏర్పాటు చేస్తారు. లేత కోడె మొదటి ఏడే కాడి కింద కుంగిపోకుండా కాపాడే ఈ రైతుల ధర్మం, ఆటలను నడిపే పెద్దలకు చాలాకాలం తరువాత గాని తట్టలేదు.

తట్టకపోవడం వలన జరిగిన విపరీతానికి ఒక ఉదాహరణ చాలు. 2001 ఏప్రిల్ 11న ప్రపంచ కప్పు అర్హత పోటీలో ఆస్ట్రేలియా జట్టు అమెరికన్ సమోవా జట్టును 31-0 గోల్స్ తేడాతో ఓడించింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అంతటి ఓటమి మరొకటి లేదు. ఓషియానియాలో ఆస్ట్రేలియాకు ఎదురు లేదు. కాని ఆ ఖండానికి ప్రపంచ కప్పులో నేరుగా చోటు లేదు. ఏకపక్షంగా అన్ని ఆటలూ గెలిచి, చివరకు వేరే ఖండపు జట్టుతో జరిగే అదనపు పోటీలో ఓడి ఇంటికి తిరిగిరావడం వారికి పరిపాటి అయింది. 2001లో ఉరుగ్వే చేతిలో జరిగింది అదే. గెలుపు కూడా ఆటగాణ్ణి పాడుచేయగలదని గ్రహించిన ఆస్ట్రేలియా, 2006 జనవరి 1 నుండి ఆసియా సమాఖ్యలో చేరింది. జపాన్, కొరియా, ఇరాన్ వంటి గట్టి జట్లతో తరచుగా ఆడింది. 2015లో ఆసియా కప్పు గెలిచింది. సులువుగా రాజ్యమేలే చోటు వదిలి, కష్టపడి నిలబడవలసిన చోటు కోరుకొన్న ఆ నిర్ణయం నాకు ఎంతో గౌరవనీయంగా తోస్తుంది.

యూరప్ వారు 2018లో మన పళ్ల లెక్కకు దగ్గరగా ఉండే ఏర్పాటు చేసుకొన్నారు. నేషన్స్ లీగ్ పేరుతో తమ దేశాలను బలాన్ని బట్టి నాలుగు అంతస్తులుగా విభజించి, గెలిచినవారు పైకి, ఓడినవారు కిందికి మారేటట్లు నియమం పెట్టారు. శాన్ మారినో అనే బుల్లి దేశం 1990 నుండి అధికారిక పోటీలలో ఆడుతూ ఒక్కటంటే ఒక్క గెలుపునకు నోచుకోలేదు. 2024 సెప్టెంబరులో తనవంటి చిన్న దేశమైన లిక్టెన్‌స్టయిన్‌ను 1-0తో గెలిచి, ఆ ఏడాది నవంబరులోనే పై అంతస్తుకు చేరింది. ముప్పై ఏళ్లకు పైగా జర్మనీ, ఇంగ్లండ్ వంటివారి చేతిలో ఓడి నేర్చుకోలేనిది, సరిజోడుతో ఆడి నేర్చుకొన్నారు.

ఇక పంపకాల సంగతి. 2026 ప్రపంచ కప్పునకు జట్ల సంఖ్యను 32 నుండి 48కి పెంచారు. యూరప్‌కు 16, ఆఫ్రికాకు 9, ఆసియాకు 8, దక్షిణ అమెరికాకు 6, ఆతిథ్యమిచ్చే మూడు దేశాలతో కలిపి ఉత్తర, మధ్య అమెరికాకు 6, ఓషియానియాకు 1 చొప్పున నేరుగా స్థానాలు కేటాయించారు. మిగిలిన రెండింటికి ఖండాల మధ్య పోటీ పెట్టారు. పదిమంది సభ్యులున్న దక్షిణ అమెరికాకు ఆరు, 47 మంది సభ్యులున్న ఆసియాకు ఎనిమిది! ఇది అన్యాయం కాదా అని మీలో ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నలో బలం ఉందనే చెబుతాను. అయితే 2022 వరకు జరిగిన 22 ప్రపంచ కప్పులలో పన్నెండు యూరప్‌కు, పది దక్షిణ అమెరికాకు దక్కాయి. వేరే ఖండం ఏదీ తుదిపోరుకైనా చేరలేదు. 2002లో దక్షిణ కొరియా, 2022లో మొరాకో సెమీఫైనల్ వరకు వచ్చి ఆగాయి. ఈ లెక్క చూపి, కొత్తవారికి స్థానాలు పెంచితే ఆట స్థాయి పడిపోతుందని వాదించేవారున్నారు. ఆ వాదం నాకు సమ్మతం కాదు. నీటిలో దిగనివ్వకుండా ఈత రాదని నిందించడం ఎట్టి న్యాయం? స్థానాలు పెరిగినందువల్లనే ఉజ్బెకిస్తాన్, జోర్డాన్ దేశాలు 2025లో తొలిసారిగా ప్రపంచ కప్పునకు అర్హత సంపాదించాయి. సుమారు లక్షన్నర జనాభా గల కురసావ్ దీవి కూడా ఆ ఏడాదే అర్హత పొందింది. మన మార్కాపురం డివిజను ప్రజలు అంతకు ఎన్నో రెట్లు!

మైదానంలో స్థానాలు అసమానమైనా, ఫిఫా మహాసభలో ప్రతి దేశానికి ఒక్కటే ఓటు. బ్రెజిల్‌కు ఒకటి, భూటాన్‌కు ఒకటి. ఈ సమానత్వం వలన చిన్న దేశాల మాటకు విలువ వచ్చింది. అదే సమానత్వం వలన ఓట్ల కోసం బేరసారాలు కూడా వచ్చాయని చెప్పకపోతే సత్యాన్ని దాచినట్లవుతుంది. 2015లో ఫిఫా పెద్దలు, అమెరికా ఖండాల సమాఖ్యల పెద్దలు పలువురు లంచాల కేసులలో అరెస్టయ్యారు. సమాఖ్య అన్నది సాధనం మాత్రమే. దానిని పట్టుకొన్న చేయి మంచిదో కాదో సాధనం చెప్పలేదు.

సభ్యత్వం గురించి మరొక మాట. ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలోని కుమారాస్త్ర విద్యాప్రదర్శన ఘట్టం మీరు వినే ఉంటారు. అర్జునునితో తలపడడానికి కర్ణుడు రంగంలోకి వచ్చినప్పుడు కృపాచార్యుడు అతని విద్యను శంకించలేదు. కులాన్ని, వంశాన్ని అడిగాడు. ఆ ప్రశ్న ముందు కర్ణుని విల్లు పనికిరాకుండా పోయింది. అంగరాజ్యం కట్టబెట్టి దుర్యోధనుడు అతనికి ‘అర్హత’ కల్పించవలసి వచ్చింది. నేటి అంతర్జాతీయ క్రీడలో ఆటగానికి కృపాచార్యుని ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతుంది. నీ వెనుక గుర్తింపు గల జాతీయ సంఘం ఉన్నదా? లేకపోతే నీకెంత ప్రతిభ ఉన్నా బరిలో నిలబడే హక్కు లేదు.

ఇది ఊహ కాదు. 2022 ఆగస్టు మధ్యలో ఫిఫా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. సమాఖ్యకు సకాలంలో ఎన్నికలు జరగకపోవడం, సుప్రీంకోర్టు నియమించిన పాలకుల సంఘం చేతికి దాని వ్యవహారాలు పోవడం అందుకు దారితీశాయి. బయటివారి జోక్యం ఉండరాదన్నది ఫిఫా నియమం. సరిగ్గా ఆ సమయానికి గోకులం కేరళ మహిళల జట్టు ఆసియా క్లబ్బుల పోటీలో ఆడడానికి ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్ చేరి ఉంది. ఆ అమ్మాయిలు భారత విజేతలుగా వెళ్లారు. ఒక్క ఆట కూడా ఆడకుండా తిరిగి వచ్చారు. ఆగస్టు 26న సస్పెన్షన్ తొలగింది గాని, అప్పటికి వారి పోటీ గడచిపోయింది. క్రీడా సంఘాలు ప్రభుత్వాల చెప్పుచేతలలో ఉండరాదన్న సూత్రం మంచిదే. కాని కార్యాలయంలో జరిగిన దోషానికి మైదానంలోని వారిని శిక్షించడం ధర్మం కాదు. పయనమై వెళ్లిన జట్టును ఆడనిచ్చి, శిక్షను పదవులలో ఉన్నవారికి పరిమితం చేసే మార్గం సమాఖ్యలు ఆలోచించి ఉండవలసింది.

ఇంతవరకు చెప్పినది ఇతరుల కథ. తెలుగు నేలకు ఈ కథలో పాత్ర లేదనుకోకండి. ఒకప్పుడు ఆసియా ఫుట్‌బాల్‌కు హైదరాబాదు ఒక గురుకులం. ఉపాధ్యాయ వృత్తిలో ఉండిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలోని రోవర్స్ కప్పు గెలిపించారు. 1950లో అదే జట్టు డ్యూరాండ్ కప్పును కూడా తెచ్చింది. రహీం భారత జట్టు శిక్షణ కూడా చేపట్టారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవారు స్వర్ణం గెలిచారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఆ ఘనత అందుకొన్న తొలి ఆసియా జట్టు మనదే. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం మొదలైన హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. 1956, 1957 సంవత్సరాలలో హైదరాబాదు, 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలుచుకొన్నాయి.

1962 జకార్తా ఆసియా క్రీడల తుదిపోరును గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. అది నియమ విరుద్ధమని ఆక్షేపించినవాడు ఒక భారతీయ క్రీడాధికారి. అందుచేత జకార్తా ప్రజల ఆగ్రహం మన ఆటగాళ్ల మీదికి మళ్లింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో తుదిపోరు జరుగుతుంటే స్టేడియం నిండా ఉన్న జనం మనవారిని గేలిచేస్తూనే ఉన్నారు. అదే కొరియా చేతిలో తొలి దశలో మనవారు 0-2తో ఓడి ఉన్నారు. రక్షణ పంక్తిలో ఆడవలసిన జర్నైల్ సింగ్ తలకు దెబ్బతగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి కూర్చోబెట్టక, ముందు పంక్తికి మార్చారు. మొదటి అరగంట లోపే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోల్స్ చేశారు. కొరియా చివరి నిమిషాలలో ఒకటి తీర్చుకొన్నా, 2-1తో స్వర్ణం మనకు దక్కింది. అప్పటికే కేన్సరు బారిన పడిన రహీం 1963 జూన్ 11న మరణించారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశం స్వర్ణం చూడలేదు. 1964 ఆసియా కప్పులో రెండవ స్థానం, హైదరాబాదు ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం వచ్చాయి. 1984లో ఆసియా కప్పునకు ఒకసారి అర్హత పొందిన తరువాత మళ్లీ ఆ గడప తొక్కడానికి 2011 వరకు ఆగవలసి వచ్చింది.

2011లో ఎలా తొక్కగలిగాము? ఇక్కడనే ప్రాంతీయ పోటీల విలువ తెలుస్తుంది. వెనుకబడిన దేశాల కోసం ఆసియా సమాఖ్య 2006లో ఛాలెంజ్ కప్పు అనే ప్రత్యేక పోటీని ప్రారంభించింది. ఇది రెండు పళ్ల విభాగం వంటిది. 2008లో ఈ పోటీ మన హైదరాబాదులో జరిగింది. విజేతకు ఆసియా కప్పులో నేరుగా ప్రవేశం. భారత జట్టు తుదిపోరుకు చేరింది. అయితే వర్షాలకు హైదరాబాదు మైదానం ఆడదగనిది కావడంతో తుదిపోరును ఢిల్లీకి తరలించారు. ఆగస్టు 13న అక్కడ సునీల్ ఛెత్రి మూడు గోల్స్ చేయగా, తజికిస్తాన్‌ను మనవారు 4-1తో ఓడించారు. ఇరవై ఏడేళ్ల విరహం తీరింది. 2011లో ఖతర్‌లో ఆస్ట్రేలియా, బహ్రయిన్, దక్షిణ కొరియా ముగ్గురి చేతిలోనూ ఓడామన్నది వేరే సంగతి. తలుపు తెరచుకొన్న తరువాత లోపల నిలదొక్కుకొనే బలం మనమే సంపాదించుకోవాలి. రహీం శిష్యులను తీర్చిదిద్దిన నగరంలో, ఒక ఖండస్థాయి తుదిపోరుకు నీరు నిలవని మైదానం దొరకలేదన్నది మాత్రం నా మనస్సులో నేటికీ ముల్లుగా ఉంది.

ఉజ్బెకిస్తాన్ పేరు ఈ వ్యాసంలో రెండుసార్లు వచ్చింది. మూడవసారి కూడా రావాలి. 2003లో హైదరాబాదులో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్ తుదిపోరులో భారతదేశం ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడింది. ఒక్క గోల్ తేడా! ఇరవై రెండేళ్ల తరువాత ఆ దేశం ప్రపంచ కప్పునకు అర్హత పొందింది. మనం 2025 అక్టోబరులో సింగపూరు చేతిలో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్పు అర్హతనే పోగొట్టుకొన్నాం. ఆ తరువాతి నెలలో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా ఓడాం. నాటి ఒక్క గోల్ తేడా ఇంత దూరంగా ఎట్లా మారింది?

దీనికి ఒక కారణం మన ఇంటి ముంగిటిలోనే ఉందని నా అభిప్రాయం. ఆసియా సమాఖ్య లోపల మళ్లీ ఉపప్రాంతాలున్నాయి. మన ఉపప్రాంతానికి దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఉంది; 1997లో ఏర్పడింది. దక్షిణాసియా పోటీలను 1993 నుండి లెక్కిస్తే, 2023లో బెంగుళూరులో కువైట్‌ను పెనాల్టీలలో గెలిచినదానితో కలిపి భారతదేశం తొమ్మిదిసార్లు విజేత. నేపాల్, మాల్దీవులు, శ్రీలంక వంటి పొరుగువారికి ఈ పోటీ ఎంతో మేలు చేసింది. మనకు మాత్రం, ఓషియానియాలో ఆస్ట్రేలియాకు చేసినంత కీడు చేసిందేమో! తొమ్మిది కప్పులను చూసి మురిసిపోతూ, తూర్పున జపాన్, ఉత్తరాన ఉజ్బెకిస్తాన్ ఎంత ముందుకు పోయాయో గమనించలేదు. పొరుగువాడితో పోటీ మొదటి మెట్టుగా ఉన్నంతవరకు మంచిది. అదే మేడ అనుకొన్ననాడు మనల్ని అక్కడనే కూర్చోబెడుతుంది.

రెండవ కారణం మరింత లోతైనది. నిచ్చెనకు పై మెట్లను ఆసియా సమాఖ్య, ఫిఫా బిగిస్తాయి. కింది మెట్లను బిగించవలసినవారు మనమే. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. జట్టు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ విజయానికి నాలుగేళ్లు నిండకముందే, 2025లో, ఆ జట్టు హైదరాబాదు విడిచి ఢిల్లీకి తరలిపోయింది. వేరు లేని చెట్టును ఒకచోటి నుండి ఒకచోటికి మార్చడం సులువే గదా! నాటి సిటీ పోలీసు జట్టును ఎవరూ కొని తీసుకొనిపోలేకపోయారు. దాని కింద బస్తీ బస్తీకి ఒక జట్టు, పాఠశాల పాఠశాలకు ఒక బంతి ఉండేవి.

వేరు పూర్తిగా ఎండిపోలేదనడానికి నిదర్శనం నిజామాబాదు జిల్లాలోని ఒక తండా నుండి వచ్చిన గుగులోతు సౌమ్య. 2025లో అఖిల భారత సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఆ ఏడాది జూలైలో మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను వారి గడ్డ మీదనే 2-1తో ఓడించి, 2026 ఆసియా కప్పునకు అర్హత పొందింది. 2022లో మహిళల ఆసియా కప్పు మన దేశంలోనే జరిగినా, కోవిడ్ సోకి జట్టును దింపలేక మనవారు పోటీ నుండి తొలగవలసి వచ్చిన సంగతి గుర్తున్నవారికి ఈ విజయం విలువ తెలుస్తుంది. పురుషులు పోగొట్టుకొన్న తలుపును స్త్రీలు తెరచుకొన్నారు.

ఇక మన ప్రాంతం. సాయంకాలం మార్కాపురం, గిద్దలూరు, కంభం మైదానాలలో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ ఆడేవారు కనిపిస్తారు. ఫుట్‌బాల్ ఆడేవారు అరుదు. ఇది ఖర్చుతో కూడిన ఆట కాదు. ఒక బంతి, నాలుగు కర్రలు, ఇరవై రెండు మంది చాలు. వానలు తక్కువైన మన నేలలో మైదానం బురద కావడం కూడా అరుదే! లేనిది ఆట కాదు, ఆడినవాడు ఎక్కడికి పోవాలో చూపే దారి. అనంతపురంలో ఆర్డీటీ సంస్థ ఒక క్రీడాగ్రామాన్ని నెలకొల్పి, పల్లెల నుండి వచ్చిన బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పింది. అదీ కరువు నేలే, మనవంటి నేలే. గిద్దలూరులో రైలెక్కినవాడు నంద్యాల, డోన్ దాటి గుంతకల్లులో దిగి, అక్కడి నుండి అనంతపురం చేరవచ్చు.

జిల్లా కొత్తదైతే జిల్లా జట్టు కూడా కొత్తదే కావాలి. రాష్ట్ర స్థాయి పోటీకి ఇంతవరకు ఒంగోలు వైపు చూడవలసిన యర్రగొండపాలెం, కనిగిరి, గిద్దలూరు పిల్లలకు మార్కాపురం పేరుతో ఆడే అవకాశం రావచ్చు. ఆ జట్టుకు ఒక సంఘం కావాలి. సంఘానికి రాష్ట్ర సంఘం గుర్తింపు కావాలి. గుర్తింపునకు నాలుగైదు జట్లు తమలో తాము ఏడాది పొడవునా ఆడుతున్న రుజువు కావాలి. మార్కాపురం కళాశాల జట్టుకు కంభం కళాశాల జట్టు పొరుగున ఉంటుంది. ఒక ఆట ఇక్కడ, ఒక ఆట అక్కడ.